అభ్యర్థికి ముందు నడచు పత్రము

డిగ్రీ పరీక్షలు ముగియు దినములలో మన ఇండ్లయందు ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: చదువు పూర్తి యగుచున్నది, ఇక కొలువు మాటేమి? ఆ కొలువునకు తొలిమెట్టుగా విద్యార్థి ఒక పత్రమును సిద్ధపరచుకొనవలసి యున్నది. పెద్దలు దానిని బయోడేటా యనిరి; నేటి యువకులు రెజ్యూమే యనుచున్నారు. పేరేదైనను దాని పని యొక్కటే. అభ్యర్థి కరీంనగరులోనో, మంచిర్యాలలోనో, ఉట్నూరులోనో తన యింటనే యుండగా, ఆ పత్రము హైదరాబాదునకో, పూనాకో, బెంగుళూరునకో ముందుగా చేరి అతని తరఫున మాటలాడును. అది పొరపాటుగా మాటలాడినచో సరిదిద్దుటకు అతడు అచ్చట ఉండడు. కావున ఆ పత్రమున సాధారణముగా దొరలు దోషములెట్టివి, వానిని తొలగించుకొను మార్గమేది అను విషయమును ఈ ప్రసంగమున వివరింపదలచితిమి. విద్యార్థులతోపాటు, వారి ప్రక్కన కూర్చుండి ఆ పత్రమును చదువదగిన తల్లిదండ్రులును, అన్నలును, అక్కలును దీనిని ఆలకింపవలెనని మా కోరిక.

రెజ్యూమే యనునది ఫ్రెంచి మాట. సంగ్రహము, సారాంశము అని దాని యర్థము. కరిక్యులం విటే యను మరియొక పేరు లాటిను భాషలోనిది. జీవితగమనము అని దాని భావము. ఈ రెండు పేర్లలో మొదటిదే విద్యార్థికి తగినది. ఇరువది యొక్క యేండ్ల వయసున జీవితచరిత్ర వ్రాయుమని ఎవరును అడుగరు. ఈ పనికి నీవు తగుదువనుటకు ఆధారమేమి అని మాత్రమే అడుగుదురు. ఆ ప్రశ్నకు చెప్పవలసిన సమాధానమే ఈ పత్రము. ఈ సంగతి మరచుటవలననే సగము దోషములు పుట్టుచున్నవి.

ఈ విద్యకు పాత ఉదాహరణ మొకటి కలదు. ఇటలీ దేశమున లియొనార్డో డావిన్చి యను మహాచిత్రకారుడు 1482 ప్రాంతమున మిలాను నగరపు పాలకుడైన లుడొవీకో స్ఫోర్జాకు కొలువు కోరుచు ఒక లేఖను సిద్ధపరచెను. లోకమంతయు నేడు చిత్రలేఖనమునకై కొనియాడు ఆ మనుష్యుడు ఆ లేఖలో చిత్రలేఖనమును గూర్చి చివర ఒక మాట మాత్రమే చెప్పెను. మొదటినుండియు తేలికగా మోసికొనిపోదగిన వంతెనలు, కోటలను భేదించు సాధనములు, యుద్ధయంత్రములు మొదలగువానిని నిర్మింపగలనని అంశముల వారీగా వ్రాసెను. ఆ ప్రభువునకు ఆనాడు కావలసినవి అవియే. తనకు ప్రియమైనదానిని కడపట నిలిపి, చదువువానికి అవసరమైనదానిని మొదట నిలుపుట ఆయన చూపిన వివేకము. అయిదువందల యేండ్లు గడచినను ఈ సూత్రము మారలేదు.

పత్రమునందలి దోషములను పరిశీలించినచో అవి రెండు తెగలుగా కనబడుచున్నవి. లేనిదానిని చేర్చుట మొదటిది. ఉన్నదానిని విడుచుట రెండవది. మొదటిదానిని గూర్చి హెచ్చరించువారు పెక్కుమంది గలరు. రెండవదానిని గూర్చి చెప్పువారు అరుదు. మా యభిప్రాయమున ఉత్తర తెలంగాణపు విద్యార్థులకు ఎక్కువ నష్టము కలిగించుచున్నది ఈ రెండవ దోషమే. తమ యింటిలో తొలిసారిగా కళాశాల గడప దాటిన బాలబాలికలు ఇచ్చట అనేకులు. తాము చేసిన పని పనియే కాదని, తాము మాటలాడు భాష భాషయే కాదని వారికి తోచుచుండును. ఈ రెండు తెగలను వరుసగా పరిశీలింతము.

మొదట పేరు. మన తెలుగువారి ఇంటిపేరు ముందు వచ్చును, పిలుచు పేరు వెనుక వచ్చును. ఇతర దేశములవారి ఫారములలోను, పెక్కు కంపెనీల ఫారములలోను ఇది తలక్రిందులుగా నుండును. దానితో విద్యార్థి ఒకచోట ఇంటిపేరును పొడి అక్షరముగాను, వేరొకచోట పూర్తిగాను, మరియొకచోట వెనుకను వ్రాయును. వర్ణక్రమము గూడ ఇట్లే మారుచుండును. లక్ష్మి యను పేరును మన ప్రాంతపు బడులలో ఆంగ్లమున ఎక్స్ అక్షరముతో వ్రాయు అలవాటు కలదు. మరియొకరు కె, ఎస్, హెచ్ అక్షరములతో వ్రాయుదురు. పదవ తరగతి పత్రమున ఒక రీతి, ఆధారు కార్డున ఒక రీతి, రెజ్యూమేలో మరియొక రీతి యున్నచో, ముగ్గురును ఒక్కరేయని నిరూపించు భారము అభ్యర్థిపై పడును. పదవ తరగతి పత్రమున పేరును పుట్టినతేదియు ఎట్లున్నవో అట్లే అన్నిచోట్ల వ్రాయుట క్షేమము. వివాహానంతరము ఇంటిపేరు మారిన యువతులును, సర్టిఫికెట్లలోని పేరునే ముందుంచి కొత్త పేరును వేరుగా తెలుపుట మంచిది.

రెండవది ఊరు. మన ప్రాంతమున ఇది ప్రత్యేకముగా గమనింపదగినది. 2014 జూన్ 2న రాష్ట్రము వేరయ్యెను. 2016 అక్టోబరు 11న జిల్లాలు పునర్విభజింపబడెను. పాత కరీంనగర్ జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కొన్ని మండలములు సిద్దిపేట మొదలగు ఇతర జిల్లాలలో చేరినవి. పాత ఆదిలాబాదు జిల్లానుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడినవి. గోదావరిఖని యిప్పుడు పెద్దపల్లి జిల్లాలోను, బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోను, బాసర నిర్మల్ జిల్లాలోను ఉన్నవి. పాత ధ్రువపత్రమున ఒక జిల్లా, నేటి చిరునామాలో వేరొక జిల్లా యుండుటను చూచి దూరపు ఊరి అధికారి సందేహపడుట సహజము. రెజ్యూమేలో నేటి జిల్లా పేరునే వ్రాయవలెను. పాత పత్రములను సమర్పించునపుడు, ఆ ఊరు పునర్విభజనకు పూర్వము ఫలానా జిల్లాలో నుండెనని ఒక వాక్యము చేర్చినచో సందేహమునకు తావుండదు.

మూడవది చదువు. మన యింట అందరికిని తెలిసిన పొడి మాటలు గోదావరి దాటి పోయినంతనే అర్థము మార్చుకొనును. మనకు ఎస్.ఎస్.సి. యనగా పదవ తరగతి. ఢిల్లీలో అదే మాట ఉద్యోగ నియామకములు జరుపు స్టాఫ్ సెలెక్షన్ కమిషనును స్ఫురింపజేయును. ఇంటర్ అనునది పండ్రెండవ తరగతికి సమానమని పూనాలోని అధికారికి తెలియకపోవచ్చును. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. అను మన గ్రూపుల పేర్లు అతనికి అసలే తెలియవు. గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము అని విప్పి వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. ఆ పంక్తిని ఆదాచేయుటలో లాభము లేదు.

విశ్వవిద్యాలయము పేరును గూడ సరిగా వ్రాయవలెను. కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో ఏర్పడెను. కరీంనగరున శాతవాహన విశ్వవిద్యాలయము 2008లో వెలసెను. అన్న చదివిన కళాశాలలోనే తమ్ముడు చదివినను, అన్న పట్టాపై కాకతీయ యనియు, తమ్ముని పట్టాపై శాతవాహన యనియు ఉండవచ్చును. అన్నగారి పత్రమును ముందు పెట్టుకొని నకలు చేయు తమ్ముడు ఈ మాటను గూడ నకలు చేయుచున్నాడు. జగిత్యాల సమీపమున నాచుపల్లిలోను, మంథనిలోను గల ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందినవి. కళాశాల పేరు ఒకటి, పట్టా నిచ్చు సంస్థ పేరు వేరొకటి. రెండును వ్రాయవలెను.

మార్కుల విషయమున నిక్కచ్చి యవసరము. పదవ తరగతి ఫలితములు కొన్ని సంవత్సరములు గ్రేడు పాయింట్లతో వెలువడినవి. 2025 పరీక్షలనుండి మార్కులు తిరిగి వచ్చినవి. ఇంటర్ ఫలితము మార్కులలో నుండును. ఇంజనీరింగు ఫలితము మరల పాయింట్లలో నుండును. విద్యార్థి వీనినన్నిటిని తనకు తోచిన లెక్కతో శాతములుగా మార్చి వ్రాయుచున్నాడు. పత్రముపై ఏ కొలమానము కలదో దానినే వ్రాసి, ఎన్నింటికి ఎన్ని యని తెలుపవలెను. శాతము కావలెనని కంపెనీ అడిగినచో విశ్వవిద్యాలయము ప్రకటించిన సూత్రము ననుసరించియే మార్చవలెను. కొన్ని కంపెనీలు 60 శాతమును హద్దుగా పెట్టును. 59.6 ని 60గా వ్రాయుట చిన్న సవరణవలె తోచును గాని, పత్రములు సరిచూచు దినమున అది అసత్యముగనే లెక్కకు వచ్చును. మిగిలిపోయిన పేపర్ల విషయము గూడ ఇట్టిదే. అడుగనిచో ఎత్తనక్కరలేదు, అడిగినచో దాచరాదు.

ఇక విశేషణముల సంగతి. పెక్కు పత్రములు "నా నైపుణ్యమును సంస్థాభివృద్ధికి వినియోగించుటయే నా ధ్యేయము" అను తీరు వాక్యముతో ప్రారంభమగుచున్నవి. ఈ వాక్యము ఎవరి పత్రమునందైనను ఇముడును. కావున ఎవరిని గూర్చియు ఏమియు తెలుపదు. కష్టపడు స్వభావము, నాయకత్వ లక్షణము, నలుగురితో కలసిపోవు గుణము అని వరుసగా పేర్చిన మాటలును అట్టివే. గుణమును పేర్కొనుటకన్న ఆ గుణము కనబడు పనిని పేర్కొనుట మేలు. ఆ స్థానమున రెండు పంక్తులలో తాను ఏమి చదివెను, ఏమి చేయగలడు, ఎట్టి పని కోరుచున్నాడు అని చెప్పినచో చాలును.

ఇచ్చటనే మేము మొదట చెప్పిన రెండవ దోషము ఎదురగుచున్నది. పనిని పేర్కొనుమనగానే విద్యార్థి, నేను ఏ కంపెనీలోను చేయలేదుగదా అనును. అతని యింటిని చూడుడు. సిరిసిల్లలో సాంచాల మధ్య పెరిగిన బాలుడు ఆసామి వద్ద ఏ కార్మికుడు ఎన్ని మీటర్లు నేసెనో వారము వారము లెక్క వ్రాసియుండును. ఆదిలాబాదు పత్తి మార్కెటు సీజనులో జిన్నింగు మిల్లు వేబ్రిడ్జి వద్ద మరియొకడు తూకపు చీటీలు వ్రాసియుండును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు తల్లికిని, ఇరుగుపొరుగు స్త్రీలకును పి.ఎఫ్. కాగితములను కంప్యూటరుపై నింపిపెట్టిన బాలికలు గలరు. మహిళా సంఘపు పొదుపు పుస్తకమును నెలనెలా సరిచూచినవారు గలరు. మీసేవా కేంద్రమున సాయంకాలములు కూర్చుండినవారును గలరు. వీరి పత్రములలో వీనిలో ఒక్కటియు కనబడదు. అభిరుచులు అను శీర్షిక క్రింద మాత్రము క్రికెట్టు చూచుట, పాటలు వినుట అని యుండును!

ఇట్టి పనిని ఎట్లు వ్రాయవలెనో ఒక ఉదాహరణముతో చెప్పెదము. "కష్టపడి పనిచేయుదును, లెక్కలయందు శ్రద్ధ కలదు" అనుటకు బదులు "రెండు పత్తి సీజనులు జిన్నింగు మిల్లు వేబ్రిడ్జి వద్ద తూకపు చీటీలు వ్రాసి, ప్రతి సాయంకాలము దినపు మొత్తమును పుస్తకముతో సరిచూచితిని" అని వ్రాసి చూడుడు. మొదటి వాక్యమును చదువువాడు నమ్మవలసి యున్నది; రెండవదానిని చదువువాడు తానే గ్రహించును. ఎక్కడ, ఎంత కాలము, ఏమి చేసెను, దానివలన ఏమి జరిగెను అను నాలుగు సంగతులు ఉన్నచో ఆ పని చిన్నదైనను పత్రమున నిలువగలదు. పనిని పెంచి చెప్పనక్కరలేదు. చీటీలు వ్రాసినవాడు తాను మేనేజరునని వ్రాసికొన్నచో ఉన్న విలువయు పోవును.

భాషల విషయమున ఈ లోపము మరింత స్పష్టము. ఉట్నూరు, ఇంద్రవెల్లి, కెరమెరి ప్రాంతములలో గోండీ, కొలామీ మాటలాడు కుటుంబములు గలవు. బేల, జైనథ్ వైపు మరాఠీ నిత్యవ్యవహారమున నున్నది. పట్టణములలో ఉర్దూ వినబడును. తండాలలో లంబాడీ వినబడును. ఈ ప్రాంతపు విద్యార్థి మూడు నాలుగు భాషలు ఎరిగియుండియు, పత్రమున తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని మాత్రమే వ్రాయుచున్నాడు. ఏజెన్సీ గ్రామములలో పనిచేయు బ్యాంకునకు, ఆసుపత్రికి, స్వచ్ఛంద సంస్థకు గోండీ తెలిసిన పట్టభద్రుడు ఎంత యవసరమో ఊహించుడు. రోగి బాధను అతని భాషలో వినగలవాడు ఆ ఆసుపత్రిలో ఒక్కడైనను ఉండవలెను. ఆ ఒక్కడు తన భాషను పత్రమున దాచినచో, అతనికి కొలువు పోవును, రోగికి సహాయము పోవును. వచ్చిన భాషలన్నిటిని వ్రాయవలెను. మాటలాడుట, చదువుట, వ్రాయుట అని వేరువేరుగా తెలుపవలెను. ఇంగ్లీషు నందు గూడ ఇట్లే నిజము చెప్పవలెను. చదివి అర్థము చేసికొనగలను, మాటలాడుట అభ్యసించుచున్నాను అనుటలో చిన్నతనము లేదు.

ఇప్పుడు లేనిదానిని చేర్చు దోషమును చూతము. ఇంజనీరింగు విద్యార్థుల పత్రములలో ప్రాజెక్టు అను భాగము ప్రధానము. నలుగురు కలసి చేసిన ప్రాజెక్టును నలుగురును తామొక్కరే చేసినట్లు వ్రాయుదురు. కొందరు సిద్ధముగా అమ్ము ప్రాజెక్టులను కొని తెచ్చుటయు కలదు. ఇంటర్వ్యూలో అధికారి అడుగునది ఒక్కటే ప్రశ్న: ఇందులో నీ భాగమేమి? ఆ ప్రశ్నకు నిలువలేనివాని పత్రములో మిగిలిన నిజములు గూడ అనుమానాస్పదములగును. నలుగురిలో ఒకడుగా సమాచారము సేకరించితిని, లేదా పరీక్షలు జరిపితిని అని స్పష్టముగా వ్రాసినవాడు ఆ ప్రశ్నకు ముందే సమాధానము చెప్పినవాడగును. కంప్యూటరు భాషలు, సాఫ్టువేర్లు పేర్కొనుటలోను ఇదే నియమము. ఒక మధ్యాహ్నము వీడియో చూచినంత మాత్రమున ఆ విద్య వచ్చినట్లు కాదు. పది పేర్లలో రెండు నిజముగా వచ్చినవైనచో ఆ రెండే వ్రాయుట మేలు.

చదువులో ఒక యేడు ఆగిపోయినచో దానిని కప్పుటకు తేదీలను సవరించుట మరియొక పొరపాటు. ప్రవేశపరీక్షకు మరల చదివియుండవచ్చును. తండ్రి గల్ఫులో నుండగా ఇంటిలో ఎవరికో జబ్బుచేసి యుండవచ్చును. చేను చూచుకొనవలసి వచ్చియుండవచ్చును. ఇవి మన ప్రాంతమున అపూర్వములు గావు. తేదీలను ఉన్నట్లు వ్రాసి, అడిగినపుడు ఒక్క వాక్యమున కారణము చెప్పిన చాలును. ఖాళీ సంవత్సరమును క్షమింపగలరు గాని దిద్దిన తేదీని క్షమింపరు.

కొన్ని సంగతులు నిజములైనను ఈ పత్రమున ఉండనక్కరలేదు. పూర్వపు బయోడేటాలలో తండ్రి పేరు, కులము, మతము, వైవాహిక స్థితి వ్రాయుట వాడుక. ప్రభుత్వ దరఖాస్తులలో అవసరమైనచోట ఫారమే అడుగును. ప్రైవేటు కంపెనీకి పంపు రెజ్యూమేలో వీనికి పనిలేదు. ఆధారు సంఖ్య, పాను సంఖ్య, బ్యాంకు ఖాతా వివరములు ఎన్నడును వ్రాయరాదు. ఈ పత్రము ఎన్ని చేతులు మారునో మనమెరుగము. దానిని చూచి ఫోను చేసి, ఉద్యోగము వచ్చినది, డిపాజిటు కట్టుమని అడుగు మోసగాండ్రు నేడు కొల్లలుగా నున్నారు. జీతమిచ్చు యజమాని ముందుగా అభ్యర్థివద్ద డబ్బు తీసికొనడు. ఈ మాటను ఇంటిల్లిపాదియు జ్ఞాపకముంచుకొనవలెను.

రూపమును గూర్చి కొంచెము చెప్పెదము. కొత్తగా చదువు ముగించినవానికి ఒక పుట చాలును. పెద్ద కంపెనీలలో మొదట ఈ పత్రమును మనుష్యుడు గాక కంప్యూటరు చదువుట నేడు సాధారణము. రెండు వరుసల పట్టికలు, రంగుల గీతలు, బొమ్మలలో ఇమిడ్చిన అక్షరములు ఆ యంత్రమును తికమక పెట్టవచ్చును. సాదా శీర్షికలు, ఒకే వరుస, ఒకే రకపు అక్షరములు క్షేమకరములు. పరీక్షించుటకు సులభోపాయము కలదు. పి.డి.ఎఫ్. ప్రతిలోని మాటలన్నిటిని ఎత్తి ఖాళీ నోట్‌ప్యాడులో పెట్టి చూడుడు. వరుస చెదరక చదువదగినట్లున్నచో యంత్రమునకును అట్లే కనబడును. ఫైలునకు "రెజ్యూమే కొత్తది 3" అని గాక అభ్యర్థి పేరే పెట్టవలెను.

ఫోను నంబరు చిన్న విషయమువలె తోచును. రీచార్జి తగ్గింపులకై సిమ్ము మార్చు అలవాటు విద్యార్థులలో కలదు. పత్రము పంపిన మూడు నెలలకు పిలుపు రావచ్చును. అప్పటికి ఆ నంబరు పనిచేయదు. ఉద్యోగము దొరకువరకు నంబరు మార్చరాదు. తండ్రి నంబరు ఇచ్చినచో ఆ సంగతి తండ్రికి చెప్పియుంచవలెను. ఈ-మెయిలు చిరునామాలో సినిమా కథానాయకుని బిరుదు గాక తన పేరుండవలెను. దానిని ప్రతిదినము తెరచి చూడవలెను.

నెట్ సెంటరులలోను, జిరాక్సు దుకాణములలోను సిద్ధముగా నుండు నమూనాలలో పేరు మార్చి అచ్చువేయించుకొను పద్ధతి మన పట్టణములలో కలదు. పేరు మారును గాని అంతకు ముందు వచ్చినవాని తండ్రి పేరో, వాని ఊరో ఒక మూల మిగిలిపోవును. ఇప్పుడు కృత్రిమ మేధ యను యంత్రములు గూడ క్షణములో పత్రము వ్రాసి ఇచ్చుచున్నవి. అక్షరదోషములు దిద్దుటకు, వాక్యము కుదించుటకు వానిని వాడుకొనవచ్చును. కాని అవి అభ్యర్థిని ఎరుగవు. అడిగినకొలది గొప్ప మాటలు చేర్చుచుపోవును. ఆ మాటలకు ఇంటర్వ్యూలో బాధ్యుడు యంత్రము కాదు, అభ్యర్థియే.

ఒకే పత్రమును నూరు చోట్లకు పంపుటయు సరికాదు. రామగుండము విద్యుత్కేంద్రమున అప్రెంటిసుగా చేరగోరువానికి ప్రయోగశాలలోను, వర్కుషాపులోను చేసిన పని ముందుండవలెను. బ్యాంకు గుమాస్తా పని కోరువానికి లెక్కలును, భాషలును ముందుండవలెను. సంగతులు మారవు, వాని వరుస మారును. ప్రకటనను రెండుమారులు చదివి, అందులో కోరిన మూడు ముఖ్యాంశములకు తన పత్రములో సమాధానము కలదా యని చూచుకొని పంపవలెను.

ప్రభుత్వోద్యోగము కోరువారికి రెజ్యూమే కన్న దరఖాస్తు ముఖ్యము. దానియందు ఒక అంశము జాగ్రత్తగా నింపవలెను. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము తెలంగాణలో నేరుగా నియమించు పదవులలో 95 శాతము స్థానికులకు చెందును. స్థానికత నిర్ణయమునకు 1 నుండి 7వ తరగతి వరకు ఎక్కడ చదివెను అనునది ఆధారము. అంతకుముందు 1975 నాటి ఉత్తర్వు క్రింద 4 నుండి 10వ తరగతి వరకు చూచుచుండిరి. అన్నగారు నింపిన రీతిగా తమ్ముడు నింపినచో ఇచ్చట పొరపాటు కలుగును. ఆదిలాబాదు, నిర్మల్, జగిత్యాల జిల్లాలు బాసర జోనులోను, కరీంనగర్, రాజన్న సిరిసిల్ల జిల్లాలు రాజన్న జోనులోను, పెద్దపల్లి, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు కాళేశ్వరం జోనులోను ఉన్నవి. ఒకే పాత జిల్లాలో పుట్టిన స్నేహితులు నేడు వేరువేరు జోనులకు చెందవచ్చును. బడులనుండి స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చుకొని, వానిని చూచుచు నింపుట ఉత్తమము.

సత్యము చెప్పుట నీతి మాత్రమే కాదు, న్యాయస్థానములు గూడ గుర్తించిన విధి. 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు, క్రిమినలు కేసులను గూర్చి యజమానికి అభ్యర్థి ఇచ్చు సమాచారము సత్యమై యుండవలెననియు, దానిని దాచుటగాని తప్పుగా చెప్పుటగాని కూడదనియు స్పష్టపరచెను. విద్యార్హతలను సరిచూచుట గూడ నేడు సులభమైనది. 2015లో ప్రారంభమైన డిజిలాకరు వంటి ఏర్పాట్లవలన సర్టిఫికెట్లు చేర్చినచోట అసలు ప్రతిని నిమిషములో పోల్చి చూడవచ్చును. నియామకము జరిగిన పిమ్మట బయటపడిన అసత్యము కొలువును తీసివేయగలదు.

పంపుటకు ముందు చేయదగిన పని యొకటి చెప్పి ముగింతుము. మేము ప్రసారమునకు ముందు ప్రతి ప్రసంగమును బిగ్గరగా చదివి చూచుకొందుము. కంటికి కనబడని తప్పు చెవికి వినబడును. విద్యార్థి తన పత్రమును ఇంటివారి యెదుట ఇట్లే చదువవలెను. ప్రతి పంక్తికిని వారు రెండు ప్రశ్నలు వేయవలెను: ఇది నిజమేనా? దీనిని గూర్చి రెండు నిమిషములు మాటలాడగలవా? సమాధానము తడబడినచో ఆ పంక్తిని కొట్టివేయవలెను. తరువాత మూడవ ప్రశ్న వేయవలెను: నీవు చేసినదానిలో ఏది వ్రాయలేదు? ఈ మూడవ ప్రశ్నను ఇంటివారు తప్ప మరియెవ్వరును వేయలేరు. కొడుకు ఏ సీజనులో ఎక్కడ పనిచేసెనో తండ్రికి తెలియును. బిడ్డ ఎందరి కాగితములు నింపెనో తల్లికి తెలియును. తల్లికి ఆంగ్లము రాకపోయినను ఆమె చెప్పు ఆ ఒక్క మాట పత్రమున చేరవలసిన మాట కావచ్చును.

పెక్కు పత్రముల చివర, పై వివరములన్నియు నాకు తెలిసినంతవరకు సత్యములు అను వాక్యము అలవాటుగా ఉండును. దాని క్రింద సంతకము చేయు చేయి ఒక్క క్షణము ఆగవలెను. లేనిది చేరలేదని, ఉన్నది విడువలేదని రెండు విధములను నిశ్చయించుకొనిన పిమ్మటనే ఆ సంతకము పడవలెను.